చదివే పాట, వినే పాట, అల్లే పాట: పిల్లల సంగీత శిక్షణలో క్లాసికల్, పాప్, జాజ్

పియానోనో కీబోర్డో నేర్చుకునే పిల్లల్లో చాలామంది చేతుల మీదుగా వెళ్లే చిన్న రచన ఒకటుంది. జి మేజర్‌లో సాగే ఆ మినుయెట్‌ను (మూడు లెక్కల నాట్యపు రచనను) చాలాకాలం జర్మన్ స్వరకర్త బాఖ్ రాశాడనే అనుకున్నారు. ఆయన భార్య ఆనా మాగ్దలేనా కోసం 1725లో మొదలైన సంగీతపు నోటుపుస్తకంలో అది ఉండడమే అందుకు కారణం. అసలు రచయిత డ్రెస్డెన్ నగరపు ఆర్గన్ వాద్యకారుడు క్రిస్టియాన్ పెట్జోల్ట్ అని 1970లలో తేలింది. జి స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుంటే దాని ఎత్తుగడ మన స్వరాల్లో ఇలా పలుకుతుంది: పా సరిగమ, పా సా సా, దా మపదని, సా సా సా. స్వరాలు శంకరాభరణానివి, నడక మూడు లెక్కలది, చివరి వరుసలో మొదటి సా మాత్రం తారస్థాయిది. ఇదే వరసకు మాటలు కట్టి, మూడు లెక్కల నడకను నాలుగు లెక్కలకు మార్చిన ‘ఎ లవర్స్ కాన్సర్టో’ అనే పాటను 1965లో ది టాయ్స్ అనే అమెరికన్ అమ్మాయిల బృందం పాడగా, అది అక్కడి పాప్ పాటల జాబితాలో రెండో స్థానం దాకా వెళ్లింది. మరుసటి ఏడాది జాజ్ గాయని సారా వాన్ అదే పాటను తీసుకుని తన పద్ధతిలో పాడింది.

ఒకే వరస మూడు సంప్రదాయాల్లో తిరిగిన తీరును గమనిస్తే, పిల్లలకు సంగీతం చెప్పడంలో తరచూ మరుగున పడే విషయం ఒకటి కనిపిస్తుంది. పెట్జోల్ట్ రచనను పాప కాగితం చూసి వాయిస్తుంది. ఏ స్వరం, ఎంత నిడివి, ఏ చేయి అన్నవన్నీ ముందే రాసి ఉంటాయి. పాప్ పాటను సాధారణంగా అలా నేర్చుకోరు. పదే పదే విని, గొంతులో తిప్పుకుని, ఆ తర్వాత కీబోర్డు మెట్ల మీద వెతుక్కుంటారు. జాజ్ దగ్గరికి వచ్చేసరికి వరస ఒక ఆధారంగా మారుతుంది, దాని మీద ఏం కట్టాలన్నది పాడే మనిషే ఆ క్షణాన తేల్చుకోవాలి. క్లాసికల్, పాప్, జాజ్ అన్న పేర్లు పాటల రకాలకు పెట్టినవిగానే చలామణీలో ఉన్నా, నేర్చుకునే పిల్లల వైపు నుంచి చూస్తే అవి చదవడం, వినడం, అల్లడం అనే మూడు పనులకు పేర్లు. ఏ పాట నేర్పారన్నదాని కంటే ఆ పాట పిల్లల లోపలికి ఏ దారిన వెళ్లిందన్నదే వాళ్ల సంగీతాన్ని నిర్ణయిస్తుంది.

ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల ‘అన్ని శైలులూ నేర్పుతాం’ అని చెప్పే చోట్ల కూడా పిల్లలకు అందేది ఒకే శైలి అవుతుంటుంది. సినిమా పాటను సులువు చేసి అచ్చువేసిన పుస్తకాన్ని స్టాండు మీద పెట్టి, గీతల మీది చుక్కలను లెక్కపెట్టుకుంటూ వాయిస్తే, పాట సినిమాదే కానీ జరిగిన అభ్యాసం మినుయెట్ అభ్యాసమే. పైగా అచ్చులో ఆ పాట గమకాలూ విరుపులూ సగం పోయి ఉంటాయి. జాజ్ పేరుతో వచ్చే పిల్లల పుస్తకాలదీ ఇదే పరిస్థితి. అందులోని ‘ఆశువు’ భాగాన్ని ఎవరో ముందే అల్లి స్వరలిపిలో రాసిపెట్టి ఉంటారు, పిల్లవాడు దాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతాడు. అవధానంలో పూరణలను ముందే కంఠతా పట్టించి పిల్లవాణ్ణి వేదిక ఎక్కిస్తే పద్యాలు బాగానే వినిపించవచ్చు గానీ, అవధానం చేయడం మాత్రం వాడికి రాదు. జాజ్‌లో స్వరాలకు ఉన్నంత విలువ వాటిని ఎంచుకునే పనికీ ఉంది కాబట్టి, ఆ పని చేయనివ్వకుండా నేర్పే జాజ్‌తో పిల్లలకు అందే లాభం తక్కువ.

రెండో పొరపాటు వరుసక్రమానిది. ముందు కొన్నేళ్లు క్లాసికల్ పునాది, ఆపై సరదాకి రెండు సినిమా పాటలు, పెద్దయ్యాక ఆసక్తి మిగిలితే జాజ్ అన్న క్రమం ఎంతో సహజంగా తోస్తుంది. చాలామంది తల్లిదండ్రులు కోరేదీ అదే. కానీ ప్రసిద్ధ జాజ్ పియానో వాద్యకారుడు హెర్బీ హాన్‌కాక్ బాల్యం ఈ నమ్మకాన్ని ఆలోచనలో పడేస్తుంది. షికాగోలో పుట్టి పెరిగిన ఆయన 1952లో, 11 ఏళ్ల వయసులో, షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి మొజార్ట్ కాన్సర్టోలోని ఒక భాగం వాయించాడు. క్లాసికల్ శిక్షణ అంతకంటే బాగా సాగిన పిల్లలు అరుదు. అయినా హైస్కూల్లో తన ఈడు విద్యార్థి ఒకడు కాగితం లేకుండా, అప్పటికప్పుడు అల్లుతూ వాయించడం చూసి, తన వాద్యం మీద తనకు తెలియని పని ఒకటుందని ఆయనకు తట్టింది. ఆపై జాజ్ పియానో వాద్యకారుడు జార్జ్ షియరింగ్ రికార్డులు పెట్టుకుని, విన్నదాన్ని విన్నట్టు పట్టుకుంటూ ఆ విద్యను దాదాపు మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. మొజార్ట్ ఆయనకు ఇచ్చిన వేళ్లూ, చెవీ తర్వాతి కాలంలో ఎంతగా ఉపయోగపడ్డాయో ప్రపంచానికి తెలుసు. అయితే పునాది పూర్తయితే అల్లిక దానంతట అదే వస్తుందన్న మాట నిజం కాదని కూడా ఆ బాల్యమే చెబుతోంది.

క్లాసికల్ సంప్రదాయం మొదటినుంచీ ఇలా కాగితానికి కట్టుబడి లేదని గుర్తుచేసుకోవడం ఇక్కడ అవసరం. నేపుల్స్ నగరంలో అనాథ పిల్లల ఆశ్రమాలుగా మొదలైన నాలుగు కన్సర్వేటరీలు 17, 18 శతాబ్దాల్లో యూరప్‌కు ఎందరో సంగీతకారులను ఇచ్చాయి. అక్కడి పిల్లల చేతికి ఇచ్చే అభ్యాసాల్లో ముఖ్యమైనదాన్ని పార్తిమెంతో అనేవారు. కాగితం మీద ఎడమచేతి మంద్రస్వరాల వరుస ఒక్కటే ఉంటుంది. పైన కుడిచేతిలో ఏం పలకాలో పిల్లవాడే మెట్ల దగ్గర కూర్చుని పూరించాలి. ఒకే మంద్రవరుసను ఈ రోజు ఒక తీరుగా, రేపు మరో తీరుగా నింపుతూ, మంచి పూరణలు చేతికి అలవాటయ్యేదాకా సాగే ఈ చదువులో స్వరరచన, వాద్యం, ఆశువు అన్న విభజన లేదు. ఫ్రాంచెస్కో దురాంతె, ఫెదెలె ఫెనరోలి వంటి గురువులు రాసిన పార్తిమెంతోలు తరతరాల విద్యార్థులకు పాఠాలయ్యాయి. ఈనాటి పాప్ బృందంలో కీబోర్డు వాయించే వ్యక్తి ముందున్న కాగితంలోనూ కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) పేర్లు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. ఏ కార్డును ఎలా విప్పి వాయించాలో తేల్చుకునేది వాయించేవాళ్లే. మూడు వందల ఏళ్ల ఎడంలో ఉన్న ఆ రెండు కాగితాలూ దగ్గరి బంధువులు.

బాఖ్ 1723లో ఇన్వెన్షన్లు అనే తన చిన్న అభ్యాస రచనల చేతిరాత ప్రతికి రాసిన ముఖపత్రంలో, రెండు స్వరధారలను శుభ్రంగా వాయించడం, పాడినట్టు పలికించడం మాత్రమే కాకుండా, మంచి ఊహలు పొందడం, వాటిని పెంచుకుంటూ పోవడం, స్వరరచన రుచి తెలియడం కూడా ఆ పాఠాల ఉద్దేశమని స్పష్టంగా చెప్పాడు. వేళ్ల వ్యాయామాలకు మారుపేరుగా మిగిలిపోయిన కార్ల్ చెర్నీ కూడా 1829లో పియానో మీద ఆశువుగా వాయించడం నేర్పే క్రమబద్ధమైన గ్రంథాన్ని వెలువరించాడు. ఆయన వ్యాయామాలు ప్రతి పియానో తరగతికీ చేరాయి గానీ ఆ గ్రంథం చేరలేదు. అచ్చయిన రచనలు చవకగా దొరకడం, పూర్వపు మహారచయితల కృతులను మార్చకుండా వినిపించడమే ఉత్తమమన్న భావన బలపడడం, విద్యార్థులను ఒకే కొలమానంతో తూచే పరీక్షలు రావడం కలిసి, 19వ శతాబ్దం గడిచేకొద్దీ చదివే పనిని పెంచాయి, అల్లే పనిని పక్కకు నెట్టాయి.

పరీక్షల ప్రభావం ఈనాటికీ మార్కుల పంపకంలో కనిపిస్తుంది. లండన్‌లో 1889లో ఏర్పడి, మన నగరాల పిల్లలు కూడా రాసే గ్రేడ్ పరీక్షలు నిర్వహించే ఏబీఆర్‌ఎస్‌ఎమ్ సంస్థ ప్రాక్టికల్ పరీక్ష మొత్తం 150 మార్కులకు. అందులో ముందే సిద్ధం చేసుకొచ్చిన మూడు రచనలకు 90, స్కేళ్లకు (ఆరోహణ, అవరోహణ స్వరవరుసలకు) 21, చూసి అక్కడికక్కడ చదివి వాయించడానికి 21, చెవి పరీక్షలకు 18. సొంతంగా అల్లడానికి వీటిలో చోటు లేదు. ఏడాది పొడవునా ఆ మూడు రచనలనే తిప్పి తిప్పి వాయించే పిల్లలు పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుని, ఇంటికి వచ్చిన బంధువు ఒక పండుగ పాట పేరు చెప్పి వాయించమంటే ‘నొటేషన్ లేదు’ అని ఆగిపోవడం తల్లిదండ్రులకు బాగా తెలిసిన సన్నివేశం. ఆ పిల్లల్లో లోటేమీ లేదు. వాళ్లను ఎవరూ అడగని పనిని వాళ్లు నేర్చుకోలేదు, అంతే. ఇదే సంస్థ 1999లో జాజ్ పియానోకు ప్రత్యేక పరీక్షలు పెట్టింది. వాటిలో ప్రతి రచన మధ్యలోనూ విద్యార్థి తానే కట్టుకోవలసిన ఖాళీ భాగం ఉంటుంది. ట్రినిటీ కాలేజ్ లండన్ తన తొలి గ్రేడ్లలో చెవి పరీక్ష, చదివే పరీక్ష, సంగీత పరిజ్ఞానంతో పాటు ఆశువును కూడా ఎంచుకునే అవకాశం ఇస్తుంది. దారి తెరిచే ఉంది. ఆ దారిని ఎంచుకోవలసింది నేర్పేవాళ్లు.

ఇంత చెప్పినా క్లాసికల్ శిక్షణ ఇచ్చే కొన్ని ప్రయోజనాలకు ప్రత్యామ్నాయం లేదు. మణికట్టు బిగుసుకోకుండా చేతి బరువును వేలి కొసకు చేర్చడం, నాలుగో వేలు, చిటికెన వేలు మిగిలిన వాటితో సమానంగా పలకడం, ఒక చేయి గట్టిగా పలుకుతుండగా మరో చేయి మెత్తగా సాగడం వంటివి నిదానంగా, పర్యవేక్షణలో, ఏళ్ల తరబడి జరిగే పనులు. రెండు చేతులూ రెండు వేర్వేరు గొంతుల్లా మాట్లాడే చిన్న రచనలను వాయించిన పిల్లల చెవి ఒకేసారి రెండు ధారలను అనుసరించడం నేర్చుకుంటుంది. ఒకే రాగధార ప్రధానంగా సాగే మన సంగీతంలో పెరిగిన పిల్లలకు ఇది ప్రత్యేకంగా కొత్త అనుభవం. ఇక చదవడం వచ్చిన విద్యార్థికి ఎన్నడూ విననిదాన్ని కూడా తానే తెలుసుకోగల స్వేచ్ఛ ఉంటుంది. నొటేషన్‌ను పూర్తిగా వదిలేయాలనే వాదన పిల్లల నుంచి ఈ స్వేచ్ఛను లాక్కుంటుంది కాబట్టి దాన్ని ఒప్పుకోవడం కష్టం.

పాప్ వైపుకు వస్తే, లండన్ పరిశోధకురాలు లూసీ గ్రీన్ 2002లో ప్రచురించిన అధ్యయనం ఈ చర్చను మలుపు తిప్పింది. 15 నుంచి 50 ఏళ్ల మధ్య వయసున్న 14 మంది పాప్, రాక్ వాద్యకారులతో మాట్లాడి, వాళ్లు అసలు ఎలా నేర్చుకున్నారో ఆమె విడమరిచి చెప్పారు. తమకు నచ్చిన పాటను తామే ఎంచుకున్నారు. రికార్డు పెట్టుకుని చెవితో అనుకరించారు. స్నేహితులతో కలిసి, ఒకరికి తెలిసింది ఒకరికి చూపించుకుంటూ నేర్చారు. సులువు నుంచి కష్టానికి అన్న మెట్ల వరుస వాళ్లకు లేదు; మొదటి రోజునే మొత్తం పాట మీద పడ్డారు. వినడం, వాయించడం, కల్పించడం వాళ్లకు విడివిడి సబ్జెక్టులు కాలేదు. ఇంగ్లండ్ బడుల్లో ఈ పద్ధతిని ప్రయత్నించినప్పుడు పిల్లలకు రికార్డూ, వాద్యాలూ ఇచ్చి, ఉపాధ్యాయులు మొదట కొంత దూరంగా నిలబడి గమనించి, అడిగినప్పుడు మాత్రమే సాయం చేశారు. మన ఇళ్లలో ఫోన్లో పాట వింటూ కీబోర్డు మీద ఒంటి వేలితో ‘దొరికింది, దొరికింది’ అని వెతుక్కునే పిల్లవాడు సరిగ్గా ఈ పద్ధతిలోనే ఉన్నాడు. తప్పు వేలితో వాయిస్తున్నాడని ఆ సమయంలో ఆపితే వాడి చెవి చేస్తున్న పెద్ద పనికి అడ్డుపడినట్టే. వేలు మరుసటి వారం దిద్దుకోవచ్చు.

పాప్ పాటలను తరగతిలోకి తెచ్చేటప్పుడు జాగ్రత్త పడవలసింది ప్రధానంగా శ్రుతి విషయంలో. పెద్దవాళ్ల గొంతుకు కట్టిన పాటను ఆ శ్రుతిలోనే పాడించబోతే పిల్లలు కింది స్వరాల దగ్గర గొణుగుతారు, పై స్వరాల దగ్గర అరుస్తారు. చిన్నపిల్లల గొంతు హాయిగా తిరిగేది సుమారు ఒక స్థాయి మేర మాత్రమే. పాటను వాళ్ల గొంతుకు సరిపడే చోటికి జరిపి పాడించాలి. అలా జరపడం కూడా పిల్లలే చేయగలిగితే అంతకంటే మంచి చెవి పాఠం ఉండదు. సాహిత్యం పిల్లల వయసుకు తగినదో కాదో చూసుకోవడం ఎలాగూ తప్పదు. ఈ విషయంలో ఆకాశవాణి లలిత గీతాలు తెలుగు పిల్లలకు ఇప్పటికీ మంచి నిధి: వరస సులువు, మాట శుభ్రం, పల్లవీ చరణాల అమరిక స్పష్టం.

ఆ అమరిక గురించే అమెరికన్ ఆర్కెస్ట్రా నిర్దేశకుడు లెనార్డ్ బెర్న్‌స్టైన్ చేసిన ఒక పని చెప్పుకోదగ్గది. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో ఆయన 1958 నుంచి 1972 వరకు పిల్లల కోసం టెలివిజన్ కచేరీలు నడిపాడు. సొనాటా నిర్మాణం అంటే ఏమిటో వివరించే 1964 నాటి కచేరీలో, మొజార్ట్ దగ్గరికి వెళ్లేముందు, ఆనాటి పిల్లల నోళ్లలో నానుతున్న బీటిల్స్ పాట ఒకటి తానే పాడి, మొదటి భాగం, వేరే మధ్య భాగం, మళ్లీ మొదటి భాగం అన్న మూడు అంకణాల నిర్మాణాన్ని అందులోనే చూపించాడు. పాప్ పాట పిల్లలను ఆకట్టుకోవడానికి పెట్టే మిఠాయిగా కాక, నిర్మాణాన్ని చూపే నమూనాగా పనికొస్తుందని ఆ పాఠం నిరూపించింది. పల్లవి తిరిగి వచ్చినప్పుడు కలిగే హాయి ఏమిటో తెలిసిన పిల్లలకు సొనాటాలో మొదటి ఇతివృత్తం తిరిగి రావడం పరాయిగా ఉండదు.

ఇక జాజ్. దీన్ని చివరికి నెట్టేయడానికి అందరూ చెప్పే కారణం అది కష్టమని. పెద్దల జాజ్ కష్టమే, కానీ అల్లడం అనే పని కష్టం కాదు. పిల్లలు మాటలు నేర్చేది అల్లుతూనే కదా. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ పిల్లల కోసం రూపొందించిన పద్ధతిలో ఒక చిన్న ఉపాయం ఉంది: జైలోఫోన్ మీద ఎఫ్, బి పట్టీలను తీసేస్తే మిగిలే ఐదు స్వరాల్లో ఏది మోగినా మరోదానితో పొసగుతుంది, అందువల్ల పిల్లలకు తప్పు భయం ఉండదు. తెలుగు చెవికి ఆ ఐదూ మోహన రాగపు స్వరాలు. కీబోర్డు మీద పట్టీలు తీసే పని కూడా లేదు. ఎఫ్ షార్ప్‌ను షడ్జమం అనుకుంటే ఐదు నల్ల మెట్లూ మోహనమే. డి షార్ప్ నుంచి మొదలుపెడితే అవే మెట్లు శుద్ధ ధన్యాసి, జాజ్‌కు మూలాల్లో ఒకటైన బ్లూస్ అనే ఆఫ్రికన్ అమెరికన్ పాటల శైలిలో ఎక్కువగా వినిపించే ఐదు స్వరాల వరుస.

ఏడేళ్ల పిల్లతో ఈ పాఠం ఇలా నడుస్తుంది. టీచరు కింది స్థాయిలో షడ్జమ పంచమాలను నాలుగు లెక్కల నడకలో ఆపకుండా మోగిస్తూ ఉంటారు. మొదటి ఆటలో పిల్లకు ఒకే ఒక్క నల్ల మెట్టు; టీచరు నాలుగు లెక్కల పాటు ఏదో ఒక లయలో వాయిస్తే, పిల్ల తర్వాతి నాలుగు లెక్కల్లో ఆ ఒక్క స్వరంతోనే బదులు చెప్పాలి. స్వరం మార్చే వీలు లేదు గనుక పిల్ల దృష్టంతా లయ మీదికి వెళుతుంది: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతసేపు ఆగాలి, ఆఖరి దెబ్బ లెక్క మీద వేయాలా, లెక్క దాటి వేయాలా. రెండో ఆటలో రెండు మెట్లు, ఆ తర్వాత మూడు. నాలుగో వారానికి ఒక నియమం చేరుతుంది: టీచరు ప్రశ్న పంచమం దగ్గర ఆగితే, పిల్ల జవాబు షడ్జమం మీద దిగాలి. కొందరు పిల్లలు మొదట్లో నాలుగు లెక్కలనూ స్వరాలతో కిక్కిరిసిపోయేలా నింపేస్తారు. ఒక లెక్కను ఖాళీగా వదిలిపెట్టమని చెప్పగానే, ఆ మౌనం తర్వాత వచ్చే స్వరానికి ఎంత విలువ పెరుగుతుందో వాళ్ల ముఖంలోనే తెలుస్తుంది. ఇందులో పుస్తకం లేదు, పెద్ద సిద్ధాంతం లేదు, కానీ జాజ్ వాద్యకారులు వేదిక మీద చేసే పనికి ప్రాణం ఇదే.

లయలోనూ తెలుగు పిల్లలకు దగ్గరి దారి ఉంది. జాజ్ ఊపుకు మూలమైన స్వింగ్‌ను కాగితం మీద రాసి చెబితే గజిబిజిగా ఉంటుంది గానీ, తాళం వేస్తూ ఒక్కో లెక్కకు ‘తకిట’ అనిపించి, అందులో ‘త’నూ ‘కి’నీ కలిపి ‘తా•ట, తా•ట’ అనిపిస్తే అది దాదాపు వచ్చేసినట్టే. వేగం పెరిగేకొద్దీ ఆ రెండు భాగాల నిడివి సమానానికి దగ్గరవుతుందన్నది తర్వాత, రికార్డులు విన్నప్పుడు చెవే పసిగడుతుంది. బ్లూస్ చట్రం కూడా అలాంటిదే. నాలుగేసి లెక్కల పన్నెండు బార్ల (లయ ఖండాల) ఆవృత్తం అది: మొదటి నాలుగు బార్లు షడ్జమం మీది కార్డు, తర్వాతి రెండు మధ్యమం మీది, ఆపై రెండు మళ్లీ షడ్జమం మీది, తొమ్మిదోది పంచమం మీది, పదోది మధ్యమం మీది, చివరి రెండూ షడ్జమం. ఈ 48 లెక్కల చట్రం చేతికొస్తే, ఎంతమంది పిల్లలున్నా ఒకరి తర్వాత ఒకరు ఒక్కో ఆవృత్తం అల్లుకుంటూ పోవచ్చు. సమయానికి మొదటికి రాలేకపోయినవాళ్లు ఎక్కడ తప్పారో ఎవరూ చెప్పనక్కర లేదు, వాళ్లకే వినిపిస్తుంది.

బ్లూస్‌లో గాంధారం అటు సాధారణ గాంధారమూ కాకుండా, ఇటు అంతర గాంధారమూ కాకుండా మధ్యలో ఊగుతుంది. పియానో మీద ఆ చోటు లేదు గనుక వాద్యకారులు రెండు మెట్లనూ కలిపి నొక్కి ఆ భ్రమ కలిగిస్తారు. గమకం పాడిన గొంతుకు మాత్రం ఆ చోటు సహజంగానే తెలుసు. కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు జాజ్‌కు తీసుకొచ్చే బలాల్లో ఇదొకటి. కల్పనస్వరాలు వేసి, సరిగ్గా ఎత్తుగడ దగ్గరికి దిగే అభ్యాసం ఇంకొకటి. అయితే ఈ పోలికను మరీ దూరం లాగకూడదు. మనోధర్మంలో శ్రుతి కదలదు, రాగం హద్దులు గీస్తుంది. జాజ్‌లో అడుగున కార్డులు మారుతూ ఉంటాయి, ఒక బారులో కుదిరిన స్వరం తర్వాతి బారులో ఇరుకున పడుతుంది. ఆ మార్పును వినడం విడిగా నేర్పవలసిందే. మరో తేడా, మన పద్ధతిలో సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, కృతులు దాటి ఏళ్లు గడిచాక గానీ మనోధర్మం పిల్లల చేతికి రాదు. అందుకు సంప్రదాయం చెప్పే కారణం గౌరవించదగ్గదే, రాగభావం ముందు గొంతులో స్థిరపడాలి. కానీ మాయామాళవగౌళలో అలంకారాలు పాడే పిల్లతో, ఆ స్వరాలతోనే నాలుగు లెక్కల ప్రశ్న జవాబుల ఆట ఆడిస్తే రాగానికి వచ్చే లోటేమీ లేదు.

పిల్లల కోసం రెండు సంగీతాలను కలపడం తెలుగువారికి, దక్షిణాదికి కొత్త సంగతి కూడా కాదు. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు ప్రాంతంలో యూరోపియన్ బ్యాండ్లు వాయించిన వరసలకు సంస్కృత సాహిత్యం కూర్చి, శంకరాభరణంలో సుమారు నలభై నొట్టుస్వరాలు చేశారు. బ్రిటిష్ రాజగీతపు వరసలో సాగే ‘సంతతం పాహిమాం’ వాటిలో ఒకటి. గమకాలు లేని ఈ తేలిక రచనలను ఇప్పటికీ చిన్నపిల్లలకు నేర్పుతున్నారు. అదే పిల్ల పియానో కూడా నేర్చుకుంటుంటే, పాడుతున్న నొట్టుస్వరాన్ని కుడిచేత్తో వెతుక్కుని, ఎడమచేత్తో షడ్జమ, మధ్యమ, పంచమాల మీది మూడు కార్డులు చేర్చడం రెండు తరగతుల మధ్య ఎంతో మంచి వంతెన. హైదరాబాద్, విశాఖపట్నం నుంచి డాలస్ దాకా ఎన్నో తెలుగు ఇళ్లలో ఒకే పిల్ల శనివారం పియానోకు, ఆదివారం ఆన్‌లైన్లో కర్ణాటక సంగీతానికి కూర్చుంటోంది. అమెరికాలోనైతే బడి జాజ్ బ్యాండు కూడా తోడవుతుంది. ఈ తరగతుల వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు కాబట్టి కలిపే పని ఇంటిదే అవుతుంది.

ఇక్కడ ముందుగా తేల్చుకోవలసింది స్వరాల పేర్ల సంగతి. మనకు ‘స’ ఎక్కడ పెట్టుకుంటే అక్కడే. కీబోర్డు మీది సి మాత్రం ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. ‘స అంటే సి’ అని మొదటి రోజు చెప్పేస్తే, ఒకటిన్నర శ్రుతిలో పాడవలసిన రోజున పిల్ల తికమకపడుతుంది. హంగరీలో జోల్తాన్ కొడాయ్ పద్ధతి ‘దో’ను మన ‘స’లాగే కదిలే స్వరంగా తీసుకుని, చేతి సంకేతాలతో పాడించి, జానపద గీతాలను సంగీతపు మాతృభాషగా భావించి మొదలుపెడుతుంది. తెలుగు పిల్లలకు ఇందులో కొత్తగా నేర్చుకోవలసింది చాలా తక్కువ. కొడాయ్ సహచరుడు బేలా బార్తోక్ 1926 నుంచి 1939 వరకు రాసిన 153 రచనల ‘మిక్రోకాస్మోస్’లోని మొదటి రెండు సంపుటాలను తన కొడుకు పేతర్‌కు అంకితమిచ్చాడు. చివరి సంపుటంలోని బల్గేరియన్ నడకల నాట్యాల్లో రెండు, రెండు, మూడుగా విరిగే ఏడు మాత్రల నడక ఒకటుంది. మిశ్రచాపు చేత్తో వేసిన పిల్లలకు, మూడును మొదటి నుంచి చివరికి మార్చుకుంటే చాలు, అది ఇంటి నడకే.

నేర్పేవాళ్ల ఇబ్బంది కూడా నిజమైనదే. పుస్తకం చూసే నేర్చుకుని, పుస్తకం చూసే నేర్పుతున్న టీచరుకు, పిల్ల ముందు అప్పటికప్పుడు అల్లడం సంకోచంగా ఉంటుంది. జాజ్ కచేరీ చేయగలిగిన వ్యక్తి మాత్రమే ఈ పాఠాలు చెప్పాలన్న నియమం పెట్టుకుంటే మన ఊళ్లలో ఈ పని మొదలే కాదు. నల్ల మెట్ల ఆటకు కావలసింది లయ తప్పని ఎడమచేయి, తన తప్పును పిల్ల ముందు దాచుకోని స్వభావం. పరీక్ష దగ్గరపడిన నెలల్లో కూడా అరగంట పాఠంలో ఐదు నిమిషాలు దీనికి కేటాయించడం సాధ్యమే, ఎందుకంటే దానికి వేరే పుస్తకం గానీ, ఇంటిదగ్గర సాధకం గానీ అక్కర్లేదు.

పెట్జోల్ట్ మినుయెట్‌నే తీసుకుంటే, మొదటి రెండు వారాలు కాగితం చూసి, సరైన వేళ్లతో, రెండు చేతులూ కుదిరేదాకా సాగుతాయి. మూడో వారం పుస్తకం మూసి అదే వరసను పిల్ల గొంతుతో పాడి, సి శ్రుతికి జరిపి చెవితో వెతుక్కుంటుంది. జి దగ్గర ఎఫ్ షార్ప్ కోసం తాకిన నల్ల మెట్టు ఇక్కడ ఎందుకు అక్కర్లేదో వేళ్లకే తెలుస్తుంది. నాలుగో వారం నడక నాలుగు లెక్కలకు మారుతుంది, ఎడమచేతికి కార్డులు వస్తాయి, 1965 నాటి పాట ఒకసారి వింటారు. ఐదో వారం టీచరు ‘పా సరిగమ, పా సా సా’ వాయించి ఆగుతారు. ‘దా మపదని’ అని రాసి ఉన్న చోట ఈసారి ఏముండాలో పిల్ల చెబుతుంది, మెట్ల మీద.